కొలువులో కొలువైన దేవుడు

ప్రశ్న: నేను ఒక సంస్థ లెక్కల విభాగంలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి సంఘంలోనే పెరిగాను. ఆదివారం ఆరాధనలో దేవుని సన్నిధి నాకు నిజంగానే తెలుస్తుంది, చాలాసార్లు కన్నీళ్లు కూడా వస్తాయి. సోమవారం ఉదయం కంప్యూటర్ ముందు కూర్చున్నది మొదలు సాయంత్రం దాకా దేవుడున్నాడన్న సంగతే గుర్తుండదు. లెక్క కుదరనప్పుడో, పై అధికారి కోప్పడినప్పుడో మాత్రం ‘ప్రభువా’ అంటాను. నా చుట్టూ విశ్వాసులు దాదాపు లేరు. అక్కడ దేవుని ప్రసక్తి రాదు, తెచ్చే ధైర్యమూ నాకు లేదు. పైగా, దేవుణ్ణి నమ్మనని చెప్పే నా సహోద్యోగి ఒకరు మా సంఘంలో చాలామంది కన్నా దయగా, నిజాయితీగా ఉంటారు. అది నన్ను కలవరపెడుతోంది. ఈ లోకసంబంధమైన ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్తే తప్ప దేవునికి దగ్గరగా బ్రతకలేనేమో అనిపిస్తోంది. మీరేమంటారు?
— ఒక సోదరి

సమాధానం:

ప్రియ సోదరీ,

మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలకపోతే మిగిలినవేవీ మీకు ఎక్కవు. మీరు చెప్పిన కారణంతో ఉద్యోగం మానకండి. పూర్తికాల సేవకు దేవుడు కొందరిని పిలుస్తాడనడంలో నాకు సందేహం లేదు. కానీ ఉన్నచోట ఆయన కనబడడం లేదు కాబట్టి మరొక చోటికి వెళ్లడం పిలుపు అనిపించుకోదు. సేవలో ఉన్నవారి దినచర్యను దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను: కూడికల ఏర్పాట్లు, కుర్చీల లెక్కలు, ఇద్దరు పెద్దల మధ్య తగవులు, మందిరం మరమ్మతుల ఖర్చు, వీటన్నిటి నడుమ దేవుణ్ణి రోజంతా మరచిపోవడం అక్కడ కూడా సులభమే. పైగా నోరు ఆయన పేరు పలుకుతూనే ఉంటుంది గనుక, మరచిపోయిన సంగతి అక్కడ త్వరగా తెలియదు. మీకు కనీసం తెలిసింది.

లూకా సువార్త మూడో అధ్యాయంలో మీ ప్రశ్నకు చాలా దగ్గరగా ఉన్న సన్నివేశం ఒకటుంది. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవారు, వచ్చి, తామేమి చేయాలని అడిగారు. ఆ కాలపు యూదుల దృష్టిలో అంతకన్నా లోకసంబంధమైన, అంతకన్నా అపకీర్తి మూటగట్టుకున్న లెక్కల ఉద్యోగం మరొకటి లేదు. అయినా యోహాను వాళ్లను ఆ పని వదిలి తనతో అరణ్యంలో ఉండమనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దని మాత్రం చెప్పాడు. సైనికులు అడిగితే, ఎవరినీ బాధపెట్టవద్దని, ఎవరిమీదా అబద్ధపు నేరం మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. అదే సువార్తలో లేవి అనే సుంకరి యేసు పిలుపు విని సమస్తమూ విడిచి ఆయన వెంట వెళ్లాడు. జక్కయ్య అనే మరో సుంకరి కథ వేరే దారి పట్టింది: ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని అతడు అన్నాడు గాని, ఉద్యోగం మానాడని లూకా రాయలేదు, మానమని యేసు చెప్పినట్టూ రాయలేదు. ఈ సుంకరులందరిలోనూ పని వదిలినట్టు మనకు తెలిసినవాడు లేవి ఒక్కడే. అతడు కూడా విసిగి వదల్లేదు, ఎదుట నిలిచిన వ్యక్తి ‘నన్ను వెంబడించుము’ అంటే వదిలాడు. మీ ఉత్తరంలో నాకు విసుగు వినబడింది గాని అటువంటి పిలుపు వినబడలేదు. ఒకవేళ అది ముందు ముందు వస్తే అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం.

‘లోకసంబంధమైన ఉద్యోగం’ అన్న మాటను మన సంఘాల్లో ఎంత అలవాటుగా వాడతామో నాకు తెలుసు. ఆ మాట నాకు ఎన్నడూ నచ్చలేదు. బైబిల్లో ‘లోకం’ రెండు అర్థాల్లో వస్తుంది. మనం ప్రేమించకూడదని అపొస్తలుడైన యోహాను తన పత్రికలో చెప్పిన లోకం ఒకటి, దేవుడు ఎంతో ప్రేమించాడని అదే యోహాను సువార్త చెప్పిన లోకం మరొకటి. మీ లెక్కల పుస్తకం మొదటిదానికే చెందుతుందని ఎవరు తీర్పు చెప్పారు? ఆదాము ఏదెను తోటను సేద్యం చేయడానికీ, ఐగుప్తు నుంచి వచ్చిన జనం కొండమీద దేవుణ్ణి సేవించడానికీ హెబ్రీ లేఖనం వాడిన క్రియ ఒక్కటే. మన భాషలోనూ అటువంటిదే ఒకటుంది. కొలవడమంటే ఆరాధించడం, కొలువంటే ఉద్యోగం, కొలువై ఉండడమంటే ఒకచోట సన్నిధిగా నిలిచి ఉండడం. (కొలవడమంటే కొలత వేయడం కూడా కదా, మీ వృత్తినిబట్టి ఆ అర్థాన్నీ కలుపుకోవచ్చు.) పనికీ పూజకీ మధ్య ఈ భాష గోడ కట్టలేదు. ఆ గోడ మనం తరువాత కట్టుకున్నదే.

దేవుని ఆత్మతో నింపబడ్డాడని బైబిల్ మొట్టమొదట చెప్పిన మనిషి ప్రవక్త కాడు, యాజకుడూ కాడు. అతడు నిర్గమకాండం 31వ అధ్యాయంలోని బెసలేలు. బంగారం, వెండి, ఇత్తడి పనులు చేయడానికి, రత్నాలు సానబట్టడానికి, కర్ర చెక్కడానికి అతనికి ఆత్మ ఇవ్వబడింది. అది ప్రత్యక్ష గుడారపు పని, అంటే దేవుని ఆరాధన కోసం నిలిపిన గుడారపు పని కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ ఆత్మ అతనికిచ్చినది ప్రసంగించే శక్తి కాదు, చేతిపని నేర్పు. గుడారంతో సంబంధం లేని బజారులోకి కూడా సామెతల గ్రంథం దేవుణ్ణి తీసుకువస్తుంది: దొంగత్రాసు యెహోవాకు హేయమని, సరియైన గుండు ఆయనకిష్టమని చెబుతుంది. ఇష్టమన్న ఆ మాట దగ్గర కాసేపు ఆగండి. తూకం వేసేవాడు ఆ సమయంలో కీర్తన పాడుతున్నాడా లేదా అన్నది అక్కడ ప్రస్తావనకే రాలేదు, గుండు సరిగా ఉంటే చాలు. మీరు ఒక బిల్లును రెండోసారి సరిచూసి, ఎవరికో జరగబోయిన నష్టాన్ని తప్పించినప్పుడు, ఆ నిమిషంలో దేవుడు మీ తలపులో లేకపోయినా, ఆ సరియైన గుండు ఆయనకు ఇష్టమైనదే.

అందుచేత పనిమీద మనసు పెట్టడాన్ని దేవుణ్ణి మరవడంగా లెక్కించకండి. చేతిలో కత్తి ఉండగా ప్రార్థనలో పరవశించిపోయే శస్త్రవైద్యుడి దగ్గరకు నేనైతే వెళ్లను. మీరేమి చేసినా మనుష్యుల నిమిత్తం కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయండని పౌలు కొలొస్సయులకు రాసిన మాట, పనిని ఎంచుకునే స్వేచ్ఛ గాని, మానుకునే స్వేచ్ఛ గాని లేని దాసులను ఉద్దేశించి రాసినది. మనస్ఫూర్తిగా అనే మాట అక్కడ పనికే వర్తిస్తుంది. మనసును పని నుంచి తీసి వేరే చోట పెట్టమని ఆయన వారికి చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు ఆదివారం కలిగే అనుభూతిని సోమవారం వెతుకుతున్నారు, అది దొరకకపోయేసరికి దేవుడే లేడనుకుంటున్నారు. లేఖనాల్లో దేవుణ్ణి కలుసుకున్నవారి కథలు ఈ దృష్టితో ఒకసారి మళ్లీ చదవండి. వాళ్లలో చాలామంది ఆయనను ఆ సమయంలో గుర్తుపట్టలేదు, తరువాత గుర్తుపట్టారు. యాకోబు రాయి తలగడగా పెట్టుకుని పడుకున్న చోటు అతనికి రాత్రి ప్రయాణంలో ఒక మజిలీ మాత్రమే. నిద్ర లేచాక గదా అతడు ‘నిశ్చయముగా యెహోవా ఈ స్థలమందున్నాడు; అది నాకు తెలియకపోయెను’ అన్నాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు పునరుత్థానుడైన ప్రభువుతో మైళ్ల దూరం నడిచారు, లేఖనాల మీద సుదీర్ఘమైన బోధ విన్నారు, అయినా ఆయన రొట్టె విరిచేదాకా ఆయనెవరో తెలియలేదు. తెలిసిన తక్షణమే ఆయన అదృశ్యుడయ్యాడు. దారిలో తమ హృదయాలు మండుతూ ఉన్నాయని వాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకున్నది ఆ తరువాతే. అంటే మండడం ముందు జరిగింది, అది దేనివల్లనో తెలియడం తరువాత జరిగింది. మహిమను చూపించమని వేడుకున్న మోషేకు కూడా ముఖదర్శనం దొరకలేదు, బండసందులో నిలబడి, దాటిపోయినవాని వెనుక పార్శ్వాన్ని మాత్రం చూశాడు.

మత్తయి 25వ అధ్యాయం దీన్ని చివరి అంచుకు తీసుకువెళ్తుంది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టి, చెరసాలలో ఉన్నవారిని చూడబోయిన నీతిమంతులు తీర్పు దినాన కూడా, ప్రభువా, నిన్నెప్పుడు చూశామని అడుగుతారు. వాళ్లు వినయం కోసం అడిగిన మాట కాదది, నిజంగానే వాళ్లకు తెలియదు. ఆయన కూడా, మీరు తెలిసే చేశారని వాళ్లను సరిదిద్దలేదు. ఆ తెలియనితనం వాళ్ల సేవకు లోపమే కాలేదు.

కనుక పగలంతా దేవుణ్ణి అనుభవించాలన్న ప్రయత్నాన్ని కొంతకాలం పక్కన పెట్టి, రాత్రి వెనుదిరిగి చూడడం నేర్చుకోండి. ఈ అలవాటును ఒక పద్ధతిగా మలిచినవాడు ఇగ్నేషియస్ లొయోలా. మీది ఏ సంఘమో మీరు రాయలేదు, కొందరికి ఈ కథోలిక సాధువు పేరు పరాయిగా తోచవచ్చు గాని, ఆయన నేర్పినది ఏ సంఘంవారికైనా పనికివచ్చేదే. ఆయన మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా కోట ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు ఆయన రెండు రకాల పగటికలలు కన్నాడు: ఒకటి శౌర్యం చూపి ఒక గొప్పింటి స్త్రీ మెప్పు పొందడం గురించి, రెండవది పరిశుద్ధుల వలె క్రీస్తు కోసం బ్రతకడం గురించి. కంటున్నంతసేపూ రెండూ ఆనందంగానే ఉండేవి. తేడా అంతా అవి వెళ్లిపోయాక తెలిసింది. మొదటివి మనసును ఎండబెట్టి పోయేవి, రెండవవి పోయిన తరువాత కూడా సంతోషం మిగిలేది. మిగిలినదాన్ని బట్టి వచ్చినదేమిటో తెలుసుకోవడం అక్కడే ఆయనకు పట్టుబడింది. తరువాతి కాలంలో ఆయన ఇతరులకు నేర్పిన దిన పరిశీలనకు మూలం ఆ మంచమే అని నేననుకుంటాను.

మీరు చేయవలసినది పెద్ద పనేమీ కాదు. పడుకోబోయే ముందు పది నిమిషాలు కూర్చుని, చూపు ఇమ్మని దేవుణ్ణి అడిగి, ఆ రోజును ఉదయం నుంచి మెల్లగా నడిపించుకుంటూ రండి. ‘ఈ రోజు దేవుడు అనుభవమయ్యాడా’ అని అడగవద్దు, ఆ ప్రశ్నకు మీ జవాబు ఇప్పటికే మీకు తెలుసు. నేను సంపాదించుకోనిది ఏది ఈ రోజు నా చేతికి వచ్చింది? ఎక్కడ నా మనసు విశాలమైంది, ఎక్కడ ముడుచుకుపోయింది? ఎవరి ముఖం ఇప్పటికీ గుర్తొస్తోంది, ఎందుకు? ఇటువంటివి అడగండి. కొత్తగా చేరిన కుర్రవాడు చేసిన తప్పును అందరిలో ఎత్తిచూపకుండా పక్కకు పిలిచి చెప్పిన క్షణం తగలవచ్చు. సరఫరాదారుకు చెల్లించవలసిన సొమ్మును ఒక వారం ఆపితే నెలాఖరు లెక్క అందంగా కనబడుతుందని మీకు తోచిన ఆలోచన కూడా తగలవచ్చు. రెండవది తగిలినప్పుడు దాటిపోకండి, ఎందుకంటే దేవుడు తియ్యని చోట్లలోనే దొరుకుతాడనుకోవడం కూడా ఆదివారపు అలవాటే. మనస్సాక్షి గుచ్చిన చోట ఆయన చాలా దగ్గరగా నిలిచి ఉంటాడు. కృతజ్ఞత చెప్పవలసినదానికి చెప్పి, క్షమాపణ అడగవలసినదానికి అడిగి, రేపటిలో మీకు భయమో విసుగో కలిగిస్తున్న పని ఒకటి పేరు పెట్టి ఆయనకు అప్పగించండి. ఇది డైరీలో రాయాలన్న నియమమేమీ లేదు. రోజంతా అంకెలు రాసేవారికి రాత్రి మళ్లీ కలం పట్టడం శిక్షే అవుతుంది.

కొన్ని నెలలు ఇలా చేసినవారిలో ఒక మార్పు వస్తుంది. రాత్రి చూసినదాన్ని మర్నాడు పగలే, జరుగుతున్నప్పుడే, అప్పుడప్పుడు గుర్తుపట్టడం మొదలవుతుంది. అప్పుడప్పుడు అని కావాలనే అన్నాను. ఈ విషయంలో అందరూ ఉదాహరణగా చెప్పే బ్రదర్ లారెన్స్ సంగతి సగమే చెబుతారు. ఆయన 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మెలు మఠంలో వంటవాడిగా ఉండి, గిన్నెల చప్పుడు మధ్య కూడా మోకాళ్ల మీద ఉన్నంత ప్రశాంతంగా దేవునితో ఉండేవాడని అందరికీ తెలుసు. ఆయనకు స్వభావసిద్ధంగా వంటపని అంటే ఎంతో అయిష్టమనీ, దేవుని సన్నిధిలో బ్రతకాలని మొదలుపెట్టిన తొలి పదేళ్లూ తీవ్రమైన మనోవేదన అనుభవించాననీ ఆయనే చెప్పుకున్నాడని మాత్రం ఎవరూ చెప్పరు. మీరు పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు గాని, ఈ అభ్యాసం ఇంకా మొదలుపెట్టనే లేదు. అందువల్ల ఇప్పుడే ఓడిపోయానని అనుకోకండి.

పగటిపూటకు నెహెమ్యా దగ్గర ఒక చిన్న పాఠం ఉంది. అతడు పారసీక రాజుకు గిన్నె అందించే ఉద్యోగి, చుట్టూ ఉన్నవారిది అతని విశ్వాసం కాదు. నీకేమి కావాలని రాజు అడిగినప్పుడు, ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య అతడు ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడట. రాజు ఎదుట నిలబడి ఉన్నవాడికి కళ్లు మూసుకునే వీలు కూడా ఉండి ఉండదు. అది ఒక్క శ్వాసలో ముగిసిన ప్రార్థన అయి ఉండాలి. ‘దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము’ అన్న 70వ కీర్తన మొదటి మాటను ప్రాచీన సన్యాసులు రోజంతా ఇలాగే పలికేవారు. మీరు ఫోన్ ఎత్తబోయే ముందు, ఒక దస్త్రం మీద సంతకం పెట్టే ముందు ఆ పాటి మాట సరిపోతుంది. మరచిపోతే మరచిపోయానని బాధపడుతూ ఇంకొంత సమయం పోగొట్టుకోవద్దు.

లెక్క కుదరనప్పుడు మాత్రమే ‘ప్రభువా’ అంటానని రాశారు. అలా అనడం తప్పు కాదు, పేతురు కూడా మునిగిపోతున్నప్పుడే కేక వేశాడు. కానీ మనకు చేతకానిచోట మాత్రమే దేవుణ్ణి ఉంచితే, మన చేతనైనది పెరిగేకొద్దీ ఆయనకు మిగిలే చోటు తగ్గిపోతుంది. హిట్లర్ ప్రభుత్వం 1943లో బంధించి 1945 ఏప్రిల్ 9న ఉరితీసిన లూథరన్ బోధకుడు డీట్రిష్ బాన్‌హోఫర్, బెర్లిన్‌లోని టేగెల్ చెరసాల నుంచి 1944లో మిత్రునికి రాసిన ఉత్తరాల్లో ఈ సంగతినే గట్టిగా పట్టుకున్నాడు. మన జ్ఞానంలోని ఖాళీలను పూడ్చడానికి దేవుణ్ణి వాడుకోకూడదని, మన బలహీనత అంచుల్లోనే కాక బ్రతుకు నడిబొడ్డున, మన బలంలో, మనకు తెలిసినదానిలో ఆయనను గుర్తించాలని ఆయన వాదన. ఏ క్షణాన ప్రాణం పోతుందో తెలియని ఖైదీ ఈ మాట అనడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది, ఎందుకంటే కష్టంలో మాత్రమే దేవుణ్ణి తలవడానికి ఆయనకున్నంత కారణం మనలో ఎవరికీ లేదు. మీ విషయంలో ఇది చాలా సాదా పనికి దారి తీస్తుంది: లెక్క మొదటిసారే కుదిరిన రోజున కూడా ఆయనతో ఒక మాట చెప్పండి.

మీ సహోద్యోగి గురించి మీరు కలవరపడడం నాకు అర్థమవుతుంది గాని, నాకు అది కలవరం కన్నా శుభవార్తగా వినబడింది. యెషయా 45వ అధ్యాయంలో దేవుడు పారసీక రాజైన కోరెషును తన అభిషిక్తుడని పిలుస్తూనే, నీవు నన్ను ఎరుగకపోయినా అని రెండుసార్లు అంటాడు. యేసు మంచి పొరుగువాడికి నమూనా చూపవలసి వచ్చినప్పుడు, గాయపడి దారిలో పడి ఉన్నవాడి కథ చెప్పి, అందులో మందిరపు సేవకులిద్దరినీ దాటించి, ఆదుకున్నవాడిగా ఆ శ్రోతలకు కిట్టని సమరయుణ్ణి ముందు నిలబెట్టాడు. దయ ఎక్కడ కనబడినా దానికి మూలం ఒక్కడేనని మనం నమ్మితే, మీరు ఆ కార్యాలయంలో దేవుణ్ణి వెతుకుతూ ఆయన చేతిపనికి ఎదురుగానే కూర్చున్నారన్నమాట. అలాగని ఆ వ్యక్తిని తెలియని క్రైస్తవుడని పిలిచి మన ఖాతాలో జమ వేసుకోకండి. నమ్మనని ఆయన చెప్పిన మాటను మాటగానే గౌరవించండి. మీరు ఆయన దగ్గర నేర్చుకోగలిగినది నేర్చుకోండి, ఆ రాత్రి ఆ సహోద్యోగి పేరు చెప్పి దేవునికి కృతజ్ఞతలు చెల్లించండి. మీ సంఘంలోని కఠినత్వం మాత్రం వేరే సమస్య, దానికి మరో ఉత్తరం కావాలి.

దేవుని ప్రసక్తి తెచ్చే ధైర్యం లేదని కూడా రాశారు. అడిగినవారికి మీ నిరీక్షణకు హేతువు సాత్వికంతో చెప్పమని పేతురు రాశాడు, ముందు వాళ్లు అడగాలి. అడిగిన రోజున దాచుకోవద్దు, అంతవరకు ప్రతి సంభాషణనూ వాక్యం వైపు తిప్పలేకపోయానన్న నేరభావం మోయవద్దు. హెబ్రీ ఎస్తేరు గ్రంథం మొదటి నుంచి చివరి దాకా చదివినా దేవుడన్న మాట ఒక్కసారి కూడా కనబడదు. అయినా దాన్ని మన పెద్దలు పరిశుద్ధ లేఖనాల్లోనే ఉంచారు.

దిన పరిశీలన మొదలుపెట్టాక కొన్ని రాత్రులు ఏమీ కనబడదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు వెనక్కి నడిచినా ఒక కృప గాని, ఒక గుచ్చు గాని తగలదు, అంకెలూ అలసటా మాత్రమే ఉంటాయి. ఆ రాత్రి మీరు దేన్నో బలవంతంగా దేవుని కార్యంగా చూపించి లెక్క సరిపెట్టకండి. ఆయన ముందు దొంగగుండు వేయవలసిన అవసరం మీకు లేదు. ఈ రోజు నువ్వు నాకెక్కడా కనబడలేదని ఆయనతోనే చెప్పి, దీపం ఆర్పి పడుకోండి.